ఎముకకు వినబడిన చప్పుడు

పదకొండు నుంచి పన్నెండు దాకా అన్నారు. గంటసేపు. ఆ గంటలో ఆసుపత్రి గది తలుపుకు అవతల అతని భార్య, ఆమెకు మాటలు నేర్పే టీచరమ్మ. తలుపుకు ఇవతల, గోడవారగా వేసిన ఇనప బెంచీ మీద అతనూ, కూతురూ, అతని చెవుల్లో ఈలా. ఈలను కూడా ఒక మనిషి కింద జమకట్టాల్సిందే, పదకొండేళ్ళుగా అది అతన్ని వదిలి ఒక్క పూటైనా ఎక్కడికీ వెళ్ళలేదు మరి. అతను కళ్ళు తెరవకముందే లేచి కూర్చుంటుంది, అతను పడుకున్నా అది పడుకోదు. కుక్కర్ కూత పెట్టబోయే ముందు సన్నగా ఒక లాగుడు లాగుతుందే, అదీ దాని చప్పుడు. కూత మాత్రం ఎప్పటికీ రాదు, లాగుడే. మరమగ్గాల షెడ్డులో ముప్ఫై నాలుగేళ్ళు మేస్త్రీగా పనిచేసినందుకు మిగిలింది అదీ, చెవిమేస్త్రి అన్న పేరూ. మగ్గం ఎక్కడ చెడిందో విప్పకుండానే చెవితో పట్టేసేవాడని పెట్టిన పేరు. ఇప్పుడెవరైనా ఆ పేరుతో పిలిస్తే నవ్వొస్తుంది, పిలిచినట్టు తెలిస్తే కదా నవ్వడానికైనా.

అయిదు వారాలైంది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు, ఎడమవైపు మొహం, ఒక్కసారే పడిపోయాయి ఆమెకి. మెదడులో మాట భద్రంగానే ఉందమ్మా, దాన్ని బయటికి తెచ్చే కండరాలే మొరాయిస్తున్నాయి అన్నాడు డాక్టరు కూతురితో. అతను పక్కన నిలబడి ఆ మాటల్ని డాక్టరు పెదాల మీంచి ఏరుకున్నాడు. లోపల మాట భద్రంగా ఉంది. ఆ సంగతి తెలిసిన రోజు నుంచీ అతనికి తిన్నది ఒంటపట్టడం లేదు, ఎందుకంటే లోపల భద్రంగా ఉన్న మాటల్లో మొట్టమొదట బయటికొచ్చేది ఏదో అతనికి తెలుసు. ఆమెకు మాట రావాలి. మునుపటిలా మేస్త్రీ అని పిలవాలి, పెళ్ళయి ముప్ఫై ఆరేళ్ళయినా ఆమెకు అతను మేస్త్రీయే, తువ్వాలు మంచం మీద పడేస్తే తిట్టాలి, ఉప్పు చాల్లేదంటే ఎదురు తిరగాలి. అడగని దేవుడు లేడు. మాట వచ్చిన మరుక్షణం తన బండారం బయటపడుతుందని భయం కూడా. పెళ్ళానికి మాట రావాలనీ, రాకపోతే బాగుణ్ణనీ, రెండూ కోరుకునే మనిషిని ఏమనాలి? బెంచీ ఇనప చువ్వను వేలితో రుద్దుతూ కూర్చున్నాడు, ఆ చువ్వకు ఒక చోట వెల్డింగు ఊడి ఉంది, చేతిలో పనిముట్లుంటే పది నిమిషాల పని.

చెంప మీద చెయ్యి పడింది. కూతురు అతని మొహాన్ని తనవైపు తిప్పుకుంది. చిన్నప్పటి అలవాటు, నాన్నతో మాట్లాడాలంటే ముందు మొహం తిప్పాలి, మాట ఆ తర్వాత. స్కూల్లో చేరిన కొత్తలో టీచరు మొహం కూడా అలాగే తిప్పబోయి చీవాట్లు తింది. "నువ్వు వచ్చేసరికి ఎంతసేపయి ఉంటుంది నాన్నా, అమ్మ పడిపోయి?" అంది. ఈ అయిదు వారాల్లో అడగడం ఎన్నోసారో. "ఏమో తల్లీ. నేను బయటికెళ్ళాను కదా" అన్నాడు, మామూలుగానే. "కాస్త ముందు తెచ్చి ఉంటే అన్నాడు కదా డాక్టరు. ఆ కాస్త ఎంతో తెలిస్తే బాగుండు. ఆ రోజు పొద్దున్నే వస్తానని అమ్మతో అన్నాను నాన్నా. ఆఫీసులో పని పడిందని మానేశాను. నేనైనా ఇంట్లో ఉండుంటే..." ఆ తర్వాతి మాటలు కూతురు తలొంచుకుని అంది, అతనికి పాపిడి మాత్రమే కనిపించింది. ఏమని ఉంటుందో ఊహించుకోవడం కష్టం కాదు. అతను ఆ తల మీద చెయ్యి వేద్దామని ఎత్తి, వెయ్యలేక, మళ్ళీ చువ్వ మీదే పెట్టుకున్నాడు. నా తప్పును ఇది ఎత్తుకుని తిరుగుతోంది, చూస్తూ చూస్తూ ఎత్తనిచ్చాను, తండ్రినట, తండ్రి!

పెదాల మాట షెడ్డులో పుట్టిన వాళ్ళకే తెలుసు. నూట ఇరవై మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే అరిచినా పక్కనున్నవాడికి వినబడదు, అందుకని ఎవరూ అరవరు, నోరు పెద్దగా తెరిచి మాటను చప్పుడు లేకుండా చూపిస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళకి నెల పడుతుంది, ఆ తర్వాత వరసకీ వరసకీ మధ్య కబుర్లే కబుర్లు, కాపురాల సంగతులు, కొట్లాటలు, సూపర్‌వైజరు నడక మీద వెక్కిరింతలు. ఒక్కటే చిక్కు, చూసే కళ్ళున్న ప్రతివాడికీ నీ మాట అందుతుంది. రహస్యమైతే అరచేత్తో నోరు మూసుకోవాలి. అంటే ఇది పైకి రాదు, మన ఇద్దరి మధ్యే, ఒట్టు, అని. అలా మూసుకున్న చేతిని ఇంకొకరు లాగడమంటే షెడ్డులో అంతకన్నా సిగ్గుమాలిన పని లేదు, లాగినవాడితో నెలరోజులు ఎవరూ మాట్లాడేవారు కాదు. నాలుగో వరసలో ఆమె పనిలో చేరి రెండు నెలలు కూడా కాలేదు, అతను ఒక మగ్గం బాగుచేసి స్పానరు అందులోనే మరిచాడు. మగ్గం ఆడించగానే స్పానరుకు తగిలి, పోగును అటూ ఇటూ మోసే నాడె ఎగిరి గోడకు కొట్టుకుని ముక్కలైంది, మనిషికి తగలలేదు, అదృష్టం. ఎవరి పని ఇది అని సూపర్‌వైజరు వరసంతా తిరిగి అడిగాడు. ఆమె చూసింది, అతను స్పానరు పెట్టడమూ చూసింది, మరవడమూ చూసింది. సూపర్‌వైజరు వెనక నిలబడ్డ అతని కళ్ళలోకి సూటిగా చూస్తూ అరచేత్తో నోరు మూసుకుంది. అంతే. ఆ చెయ్యి కింద ఆమె నవ్వుతోందని కళ్ళని బట్టి తెలిసింది. మా పెళ్ళి స్పానరు పెళ్ళి అనేది ఎవరడిగినా.

ఇంటికొచ్చాక కూడా ఆ మాటే అలవాటైపోయింది. ఎదురెదురుగా కూర్చుని భోజనం చేస్తూ ఇద్దరూ పెదాలు కదుపుకుంటుంటే మధ్యలో కూతురు, అప్పుడు నాలుగేళ్ళది, వీళ్ళ మొహాలు మార్చి మార్చి చూసేది. "ఏమంటోంది? అమ్మ ఏమంటోంది?" అని అతని చొక్కా లాగేది. "ఏం లేదులే" అనేవాడు. ఆ మాట కూతురికి ఎన్నిసార్లు చెప్పి ఉంటాడు? ఇంట్లో బియ్యం అయిపోయినా ఏం లేదులే, అత్తగారితో గొడవైనా ఏం లేదులే, తర్వాత పుట్టినవాడు పురిట్లోనే పోయినప్పుడు కూడా ఏం లేదులే. పిల్ల ఊరుకుంటుందా, తనంతట తనే పెదాలు చదవడం నేర్చేసుకుంది, నేర్చుకున్నట్టు చాలా ఏళ్ళు చెప్పలేదు, గడుసుది, వాళ్ళమ్మ కూతురు.

షెడ్డులో చెవులకు పెట్టుకోమని పచ్చని మెత్తని బిరడాలు ఇచ్చారు ఒక ఏడాది. ఆమె అవి రాకముందు నుంచే దూది ఉండలు చేసి చెవుల్లో కుక్కుకునేది, అందుకే ఆమె చెవులు బాగానే మిగిలాయి. అతను పెట్టుకుంటాడా! చెవులు మూసుకుంటే మగ్గం ఏం చెప్తోందో నాకెలా తెలుస్తుందని వరసలో నిలబడి ఉపన్యాసం చెప్పాడు, చెప్పి ఆ బిరడాలను కూతురి బొమ్మకు దిండ్లుగా తెచ్చి ఇచ్చాడు. పొగరు. చెవిమేస్త్రి పొగరు. తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. ఈల మొదలైన రోజు ఆదివారం. ఎక్కడో ఏదో కూస్తోందని ఫ్రిజ్ ఆపాడు, ఫ్యాన్లు ఆపాడు, కిందింటి మోటారు ఆపించాడు, చివరికి మెయిన్ స్విచ్చి దించేసి చెమటలు కక్కుతూ ఇల్లంతా వెతికాడు. అది ఎక్కడికెళ్తే అక్కడికి వచ్చింది. ఆమె గుమ్మంలో నిలబడి పగలబడి నవ్వి, "ఇంటికి కరెంటు తీసేస్తే నీ చెవికి పోతుందా మేస్త్రీ" అంది. నవ్వుతూ నవ్వుతూ ఆగి, అతని మొహం చూసి, దగ్గరికొచ్చి రెండు చెవుల మీదా చేతులు పెట్టింది. చేతుల కింద ఈల ఇంకా గట్టిగా వినబడింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు, చేతులు తీసేస్తుందేమోనని.

ఇప్పుడు చెవికి మిషను ఉంది. రెండేళ్ళ క్రితం కూతురు పట్టుబట్టి కొనిచ్చింది. పెట్టుకుంటే చెంచా పడినా బుర్రలో కత్తి పడినట్టుంటుంది, మనిషి మాట మాత్రం ముద్దముద్దగానే ఉంటుంది, కింద ఈల ఉండనే ఉంటుంది. నాలుగు రోజులు పెట్టుకుని డబ్బాలో పెట్టేశాడు. ఆమె ఊరుకోలేదు, రోజూ పొద్దున్న టీ గ్లాసు పక్కన ఆ డబ్బా తెచ్చి పెట్టేది. అతను టీ తాగేవాడు, డబ్బాను పక్కకు జరిపేవాడు. పెట్టడమూ జరపడమూ ఇద్దరికీ ఆటైపోయింది. ఆ రోజు పొద్దున కూడా ఆమె పెట్టింది, అతను జరిపాడు. అయిదు వారాలుగా మాత్రం పడుకునే వేళ తప్ప చెవి నుంచి తియ్యడం లేదు. "ఇప్పుడు పెట్టుకుంటున్నావా నాన్నా" అని కూతురు కళ్ళనీళ్ళు పెట్టుకుంది, సంతోషమో ఏమో. మిషను ఈ వరండాలోని చప్పుళ్ళన్నీ పోగుచేసి చెవిలో పోస్తోంది, చక్రాల కుర్చీ కీచుమనడం, ఎవరి చెప్పులో, ఎవరిదో దగ్గు. తలుపు అవతలి చప్పుడు ఒక్కటే రావడం లేదు.

లేచాడు. తలుపు పైభాగంలో చెయ్యి వెడల్పున అద్దం బిగించి ఉంది. అద్దం అంటే అతనికి లెక్కలేదు, షెడ్డుకు అటు చివరనున్న మాటను కూడా చూసేవాడికి అద్దం అడ్డమేమిటి. టీచరమ్మ పెదాలు శుభ్రంగా కనిపించాయి, మంచి పెదాలు, షెడ్డులో ఉంటే మేలైన మాటకారి అయ్యేది. మళ్ళీ, అంటోంది. నోరు ఇంకా తెరవండి, అంటోంది. మెల్లిగా, తొందరేం లేదు, అంటోంది. ఆమె పక్కకు కూర్చుని ఉంది, ఎడమ చెంప ఇటువైపు. ఆ చెంప కదలడం లేదు. పెదవి చివర కిందికి జారి, తడిగా, ఎవరిదో పెదవిలా ఉంది. ముప్ఫై ఆరేళ్ళు చదివిన మొహం. చీకట్లో సన్నపాటి దీపానికి కూడా చదివాడు, జ్వరంలో చదివాడు, కోపంతో మొహం తిప్పుకుంటే గోడమీద అద్దంలో చదివాడు. ఆమె మాట తనకు చెవిలోంచి ఏనాడూ రాలేదు, అక్కణ్ణుంచే వచ్చింది, ఆ పెదాల మీంచే. ఇప్పుడు అవి కదిలాయి, ఏదో అన్నాయి, అతను ఒక్క అక్షరం పట్టలేకపోయాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఊహూఁ. షెడ్డు బయట ఇంకెవరికీ అందని ఆమె పెదాల మాట తనొక్కడికి అర్థమయ్యేది. ఇప్పుడు టీచరమ్మకు అర్థమవుతోందేమో, తల ఊపుతోంది. అతనికి టీచరమ్మ మీద కోపం వచ్చింది, నిజంగానే వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడి బెంచీ దగ్గరికి వచ్చి కూలబడ్డాడు.

అలా కూలబడుతూ తల వెనక్కి వాల్చి గోడకు ఆనించాడు. ఆనించగానే, చెవి వెనక ఎముకలో, టక్. ఒకటి. టక్. మళ్ళీ. చెవిలోంచి వచ్చిన చప్పుడు కాదు, మిషనుకు అందిన చప్పుడు కాదు, గోడలోంచి పుర్రెలోకి వచ్చింది. లోపల టీచరమ్మ ఒక్కో అక్షరానికి ఒక్కో దెబ్బ కొట్టిస్తోంది కాబోలు, మొన్న కూతురికి చెప్తుంటే చూశాడు, కర్రముక్కతో బల్ల మీద కొడుతూ పలికితే మాట దారిన పడుతుందట. టక్. టక్. టక్. బల్ల గోడకు ఆనుకుని ఉండి ఉంటుంది. తల తీసెయ్యాలనుకున్నాడు. ఎముకకు వినబడే చప్పుడును అతను అయిదు వారాలుగా తలుచుకోవడం మానేశాడు, దాని జోలికి పోకూడదని ఒట్టుపెట్టుకున్నాడు, చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకోలేదు. తియ్యలేదు తల. అలాగే ఉండిపోయాడు.

కిందింటి టైలరమ్మ కుట్టుమిషను ఏదో మొరాయిస్తోందని పైకి తెచ్చి పెట్టింది ముందురోజు, పాతకాలపు కాలిమిషను, ఇనప కాళ్ళది. పొద్దున టీ తాగి, డబ్బాను జరిపి, నడవ గదిలో దాని ముందు కూర్చున్నాడు, వంటింటి వైపు వీపు పెట్టి. మేస్త్రీల పద్ధతి ఒకటుంది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను మిషను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టుకుంటే లోపల ఏ పళ్ళచక్రం ఎక్కడ గీసుకుంటోందో ఎముకలోంచి తెలిసిపోతుంది. చెవులు పోయినా ఆ దారి కొంచెం మిగిలింది అతనికి. ఆ దారిలో ఈల కూడా అడ్డం రాదు. కాలితో చక్రం తిప్పుతూ, కళ్ళు మూసుకుని, వారాల తర్వాత ఒక శుభ్రమైన చప్పుడు వింటున్నాడు, ప్రాణం లేచివచ్చినట్టుంది. అప్పుడు వచ్చింది ఒక పెద్ద గుద్దు. దుమ్. పాదాల్లోనూ, ఎముకలోనూ ఒక్కసారే. కళ్ళు తెరిచి గడియారం చూశాడు, తొమ్మిదీ పది. అది కూడా అలవాటే, మగ్గం ఆగితే ఆగిన సమయం, బాగుచేశాక తిరిగిన సమయం పలక మీద రాయాలి, షెడ్డు కానూను. పక్కనే ఉన్న సుద్దముక్కతో మిషను బల్ల మీద తొమ్మిదీ పది అని రాసుకున్నాడు. పెద్దదేదో వదులైంది అనుకున్నాడు. అడుగుపలక విప్పాడు. కాసేపటికి చిన్న చప్పుడు, టక్ టక్, ఆగి, టక్. చక్రం ఆపాడు, చప్పుడు ఆగింది. తిప్పాడు, రాలేదు. మళ్ళీ తిప్పాడు, వచ్చింది, టక్ టక్, ఆగి, టక్, ముందుకంటే మెల్లిగా. దొరికావురా అనుకున్నాడు. అనుకోవడమే కాదు, పైకి అన్నాడు, "దొరికావు, ఇంకెక్కడికి పోతావ్!" అని, నవ్వుతూ. మీదిమూత విప్పాడు, పళ్ళచక్రాలన్నీ ఒక్కొక్కటే తీసి గుడ్డ మీద వరసగా పెట్టాడు, నూనె రాశాడు, ఒక్కదానికీ నలత లేదు. తొమ్మిదీ యాభైకి ఖాళీ గ్లాసు పట్టుకుని, రెండో టీ ఇంకా రాలేదేమని విసుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళాడు.

నేల మీద ఆమె. కుడిచెయ్యి చాచి ఉంది, ఆ చేతికి అందినంత దూరంలో స్టీలు గరిటె. కళ్ళు తెరిచే ఉన్నాయి, గుమ్మం వైపే ఉన్నాయి. నలభై నిమిషాలు గుమ్మం వైపే ఉండి ఉంటాయి.

ఇంతవరకూ తెలుసు. ఇది అయిదు వారాలుగా తెలుసు. గరిటెతో నేల మీద కొట్టిందనీ, నేల మీంచి ఇనపకాళ్ళలోకి, కాళ్ళలోంచి స్క్రూడ్రైవరులోకి ఆ దెబ్బ వచ్చిందనీ, దాన్ని తను మిషనులో వెతికాడనీ. టైలరమ్మను కేకేసి, ఆసుపత్రికి వచ్చాక, పరుగెత్తుకొచ్చిన కూతురు అతని మొహాన్ని తనవైపు తిప్పుకుని "నువ్వెక్కడున్నావు నాన్నా?" అంటే, బోల్టు కోసం బయటికెళ్ళాను అని నోటికొచ్చింది. ఇంట్లోనే ఉండి వినలేదనడం కంటే ఇంట్లో లేననడం తేలికనిపించింది. మర్నాడు ఇంటికెళ్ళి సుద్ద అంకెలను మోచేత్తో తుడిచేశాడు. కానీ ఇప్పుడు గోడలోంచి, అక్షరాల దెబ్బలు ఆగి, కాస్త విరామం తర్వాత వచ్చింది వేరే దెబ్బ. టక్ టక్, ఆగి, టక్. మళ్ళీ. టక్ టక్, ఆగి, టక్. నడవ గదిలో వచ్చినట్టు నీరసంగా, ఎగుడుదిగుడుగా కాదు, బల్ల మీద కర్రతో నిఖార్సుగా. షెడ్డులో మేస్త్రీని నోటితో పిలవరు, దూరాన వీపు తిప్పి ఉంటాడు గనక పెదాలతో కూడా పిలవలేరు. మగ్గం ఇనప చట్రం మీద స్పానరుతో కొడతారు, నేలలోంచి మేస్త్రీ పాదాలకు తెలుస్తుంది. ఒక్కో వరసకు ఒక్కో తీరు దెబ్బ. రెండు, ఆగి ఒకటి, నాలుగో వరస. మేస్త్రీ, నాలుగో వరసలో మగ్గం ఆగింది, రా. ముప్ఫై నాలుగేళ్ళలో ఆ పిలుపుకు అతను వెళ్ళని రోజు లేదు, అన్నం ముందు కూర్చుని కూడా లేచి వెళ్ళాడు, మిగతా వరసల వాళ్ళు ఆటపట్టించేవారు, నాలుగో వరసకైతే కాళ్ళకు చక్రాలొస్తాయి మేస్త్రీకి అని. ఆమె ఊరికే నేల మీద కొట్టలేదు. పిలిచింది. అతనికి తెలిసే పిలుపుతో, అతనికి అందే దారిలో పిలిచింది. చెవిలేని మొగుణ్ణి ఎలా పిలవాలో ఆ స్థితిలో కూడా ఆలోచించుకుని పిలిచింది. పిలుపు అందింది కూడా. అతను చక్రాలు విప్పి నూనె రాశాడు.

తలుపు తెరుచుకుంది. టీచరమ్మ చేత్తో లోపలికి రమ్మంది. చిన్న గది, బల్ల మీద నిలువుటద్దం ముక్క, నీళ్ళ గ్లాసు, కర్ర. టీచరమ్మ అతనికి ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పింది: "ఇవాళ బాగా చేశారండీ. మాట వస్తుంది, కాకపోతే నెలలు పట్టొచ్చు. ఒకటే నాకు అర్థం కావడం లేదు. పాఠం మధ్యలో ఆపేసి తనంతట తను ఏదో కొడుతున్నారు. అడిగితే తలుపు వైపు చూపిస్తున్నారు. మీకేమైనా తెలుసా?"

ఆమె కుర్చీలోంచి అతన్ని చూసింది. కుడికన్నూ, ఎడమకన్నూ ఒక్కలాగే చూశాయి, కళ్ళకేం కాలేదు. నోరు తెరిచింది. వంకరగా, తడిగా ఏదో అంది, అతనికి అందలేదు, అలవాటు కొద్దీ ఆఁ ఆఁ అని తలూపాడు. ఆమె కనుబొమ్మ లేచింది. వినకుండా తలూపకు మేస్త్రీ అని వేలసార్లు అన్న కనుబొమ్మ అది. కర్ర తీసుకుంది. టక్ టక్, ఆగి, టక్. ఇప్పుడు గోడ అక్కర్లేకపోయింది, కళ్ళకే కనిపించింది. అతను ఆమె ముందు నేల మీద కూర్చుండిపోయాడు. "అందింది" అన్నాడు. "అప్పుడే అందిందే నాకు. కుట్టుమిషనుదనుకున్నాను." ఎంత గట్టిగా అన్నాడో అతనికి తెలియదు, టీచరమ్మ ఉలిక్కిపడటం చూశాడు, వెనక కూతురు మొహం చూడలేదు.

ఆమె చూసింది. కూతుర్ని చూసింది, మళ్ళీ అతన్ని చూసింది. నాన్న ఇంట్లో లేనప్పుడు పడిపోయావు కదమ్మా అని కూతురు ఆమె మంచం పక్కన కూర్చుని ఎన్నోసార్లు అంది, అన్నప్పుడల్లా ఆమె కళ్ళు మూసుకునేది. కర్ర వదిలేసింది. ఆ కుడిచెయ్యి మెల్లగా లేచి, జారిపోయిన పెదాలను వెతుక్కుని, అరచేత్తో నోరు మూసుకుంది. స్పానరు నాటి చూపే. ఇది పైకి రాదు మేస్త్రీ.

కూతురు అతని చొక్కా లాగింది. లాగి అతని మొహాన్ని తనవైపు తిప్పుకుంది. "ఏమంటోంది? అమ్మ ఏమంటోంది నాన్నా?"

ఏం లేదులే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దానికి దారి తెలుసు, ముప్ఫై ఏళ్ళు నడిచిన దారి. ఆమె చెయ్యి కూడా కదలకుండా అక్కడే ఉంది, ఆ చేతి వెనక దాక్కోవచ్చు, ఈ జన్మకు సరిపోయేంత చోటుంది. అతను చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. షెడ్డులో ఎవరూ చెయ్యని పని చేశాడు. ఆమె బలం కొద్దీ బిగించింది, ఆ ఒక్క చేతిలో ఇంకా ఎంత బలముందో, అతను లాగేశాడు. ఆమె నోరు బయటపడింది, వంకరగా, తెరుచుకుని.

"నేను బయటికెళ్ళలేదు తల్లీ. ఇంట్లోనే ఉన్నాను, పక్క గదిలోనే. అమ్మ పిలిచింది. గరిటెతో కొట్టి పిలిచింది, నాకు తెలిసేలా పిలిచింది. నేను వెళ్ళలేదు. నువ్వు రాకపోవడం కాదు, నేనుండి కూడా లేకపోయాను. అదే ఆ కాస్త." గది గుమ్మంలో ఎవరో ఇద్దరు ఆగి తొంగిచూస్తున్నారు, అంటే వరండా అంతా వినబడేంత గట్టిగా అన్నాడన్నమాట. అననీ.

కూతురు కిటికీ వైపు తిరిగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. ఏదో అంటోంది, అంటోందో ఏడుస్తోందో, వీపును చదవడం అతనికి రాదు. చెవి మిషను ఆ గొంతును ముద్దచేసి ఇచ్చింది, దాని కింద ఈల లాగుతూనే ఉంది. ఆమెకు వినబడుతుంది, కూతురన్న ప్రతిమాటా ఆమె చెవులకు అందుతుంది, ఏమంటోందో చెప్పవే అని ఆమె మొహంలోకి చూశాడు, పాపం ఆ నోరు చెప్పడానికి కదిలింది, అతనికి అందలేదు. ఇన్నేళ్ళు ఇద్దరి మధ్యా నిలబడి ఏమంటోంది ఏమంటోంది అని చొక్కా లాగిన పిల్లకు ఎలా ఉండేదో అతనికి ఇప్పుడు తెలిసింది.

చాలాసేపటికి చెంప మీద చెయ్యి పడింది. తడి చెయ్యి. కూతురు అతని మొహాన్ని తనవైపు తిప్పుకుని, టీచరమ్మకూ గుమ్మంలో వాళ్ళకూ వినబడకుండా, చప్పుడు లేకుండా, షెడ్డు మనుషుల్లాగా నోరు పెద్దగా తెరిచి ఒక్క మాట అడిగింది.

ఎంతసేపు?

ఒక్క అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది.

"తొమ్మిదీ పదికి పడింది. తొమ్మిదీ యాభైకి చూశాను" అన్నాడు. "నలభై నిమిషాలు."

కూతురి చెయ్యి అతని చెంప మీదే ఉంది. నిమరలేదు, తియ్యలేదు.